బోధన్ నుంచి మఢౌరా దాకా: డీజిల్ ఇంజన్ పరీక్షలో లెక్కకు రాని మనుషులు

2023 అక్టోబర్ 3న ప్రధాని నిజామాబాద్ వచ్చారు. ఆ రోజు జాతికి అంకితం చేసిన వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి, ధర్మాబాద్–మనోహరాబాద్, మహబూబ్‌నగర్–కర్నూలు రైలు మార్గాల విద్యుదీకరణ. రెండూ కలిపి 348 కిలోమీటర్లు. రెండోది, రామగుండం దగ్గర ఎన్టీపీసీ కట్టిన తెలంగాణ థర్మల్ కేంద్రం తొలి యూనిట్. దాని సామర్థ్యం 800 మెగావాట్లు, ఇంధనం బొగ్గు. నిజామాబాద్ మీదుగా పోయే గూడ్స్ బండ్లకు పైన కరెంటు తీగ వచ్చింది. ఆ కరెంటు కోసం కాలే బొగ్గు పొగను పీల్చేది ఇంకో జిల్లా వాళ్లు.

తీగ వచ్చింది కదా, ఇంక డీజిల్ ఇంజన్ల ముచ్చట ఎందుకని కొందరు విద్యార్థి మిత్రులు మమ్మల్ని అడిగారు. దళిత ఉద్యమానికి రైలింజన్‌తో పనేమిటని కూడా అడిగారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే.

మొదటిదానికి జవాబు సులభం. మెయిన్ లైన్ మీద తీగ ఉన్నా, సరుకు దించే లైన్ల మీద తీగ ఉంటే పనికి అడ్డం, ప్రాణానికి ప్రమాదం. అందుకే చాలా గూడ్స్ షెడ్లలో ఆ లైన్లను తీగ లేకుండా వదిలేస్తారు. వ్యాగన్లను అటూ ఇటూ జరిపే షంటింగ్ పనికి డీజిల్ ఇంజనే వస్తుంది. అంటే డీజిల్ పొగ మిగిలేది సరిగ్గా బియ్యం, మక్కలు, ఎరువుల బస్తాలు మోసే హమాలీలు పనిచేసే చోట. పైగా 2015లో భారత రైల్వే ఒకే ఒప్పందంలో 1000 డీజిల్ ఇంజన్లకు ఆర్డర్ ఇచ్చింది. విద్యుదీకరణ 98 శాతం దాటిన దేశంలో ఆ ఆర్డర్ కథ ఇంకా నడుస్తూనే ఉంది.

రెండో ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం. ఇంజన్ కొనేముందు దాన్ని అన్ని రకాలుగా కొలుస్తారు. ఎంత లాగుతుంది, ఎంత తాగుతుంది, ఎంత పొగ వదులుతుంది, ఎంత దూరంలో ఆగుతుంది. ఆ పొగ ఎవరి ముక్కులోకి పోతుంది, ఆ ఇంజన్ తయారీలో, మరమ్మతులో ఎవరికి పని దొరుకుతుంది అన్నవి ఏ పరీక్షలోనూ ఉండవు. నిజానికి ఆ రెండూ కూడా ఆర్డర్ కాగితం మీదే తేలిపోతాయి.

ముందు పొగ సంగతి. డీజిల్ ఇంజన్‌లో గాలిని గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది. అందులోకి డీజిల్‌ను చిమ్మితే దానంతటదే మండుతుంది. మంట బాగా వేడిగా ఉంటే డీజిల్ పూర్తిగా కాలుతుంది, మసి తక్కువ. కానీ ఆ వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. వేడి తగ్గిస్తే ఆక్సైడ్లు తగ్గుతాయి, మసి పెరుగుతుంది. ఒకదాన్ని అదిమితే ఇంకొకటి లేస్తుంది. తక్కువ ఉద్గారాల ఇంజన్ తయారు చేయడమంటే ఈ రెండింటినీ ఒకేసారి తగ్గించడమే. అందుకు మూడు దారులున్నాయి. డీజిల్‌ను చాలా ఎక్కువ ఒత్తిడితో, చాలా సన్నగా చిమ్మడం ఒకటి. ఒకసారి బయటికొచ్చిన పొగలో కొంత చల్లార్చి మళ్లీ ఇంజన్‌లోకే పంపడం రెండోది. పొగ గొట్టంలో యూరియా ద్రావణం చల్లి ఆక్సైడ్లను విడగొట్టడం మూడోది.

మసిని చూస్తే కంటికి నలుపే కనిపిస్తుంది. హాని చేసేది మాత్రం కంటికి కనబడని సన్న కణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందున్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషులకు కచ్చితంగా క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. ఈ విషయంలో సైన్సుకు దొరికిన ఆధారాల్లో రైల్వే కార్మికుల శరీరాలు కూడా ఉన్నాయి. అమెరికాలో దాదాపు 55 వేల మంది రైల్వే కార్మికుల మరణాలను 1959 నుంచి 1996 దాకా పరిశీలించిన ఒక అధ్యయనం 2004లో వచ్చింది. డీజిల్ పొగ తగిలే పనుల్లో ఉన్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు మిగతా వాళ్లకంటే 40 శాతం ఎక్కువని అది తేల్చింది.

ఇక పరీక్ష ఎట్లా చేస్తారో చూద్దాం. కొత్త రకం ఇంజన్‌ను ముందు పట్టాల మీద కాదు, గదిలో నడుపుతారు. మన దగ్గర ఆ పని లక్నోలోని ఆర్డీఎస్ఓ, అంటే రైల్వే పరిశోధన, డిజైన్, ప్రమాణాల సంస్థది. డీజిల్ ఇంజన్‌లో డీజిల్ నేరుగా చక్రాన్ని తిప్పదు. ఇంజన్ ఆల్టర్నేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటు ఇరుసుల దగ్గరున్న మోటార్లను తిప్పుతుంది. కాబట్టి బండి కదలకుండానే ఆ కరెంటును పెద్ద పెద్ద రెసిస్టర్లలోకి పంపి, వేడిగా వదిలేసి, ఇంజన్ పూర్తి బలంతో పనిచేస్తున్నప్పుడు ఎంత డీజిల్ తాగుతోందో, గొట్టంలో ఏం వస్తోందో కొలవొచ్చు.

తర్వాత పట్టాల మీదికి తెస్తారు. అనుమతించాలనుకున్న వేగం కంటే కొంచెం ఎక్కువ వేగంతో నడిపి, ఊగడం ఎంత, పట్టాల మీద ఒత్తిడి ఎంత అని చూస్తారు. నిండు బండిని లాగుతూ అత్యవసర బ్రేకు వేసి ఎంత దూరంలో ఆగుతుందో కొలుస్తారు. తడి పట్టాల మీద, ఎగుడు మీద లాగగలదా అని చూస్తారు. ఆర్డీఎస్ఓ వేగం సర్టిఫికెట్ ఇచ్చాక రైల్వే భద్రతా కమిషనర్ అనుమతి కావాలి. ఈ కమిషనర్ రైల్వే శాఖ కింద ఉండడు, పౌర విమానయాన శాఖ కింద ఉంటాడు. ఇంజన్ నడిపేవాళ్లే దాని భద్రతకు సర్టిఫికెట్ ఇచ్చుకోకూడదన్నది ఆ ఏర్పాటు వెనుక ఆలోచన. మంచి ఆలోచనే. పొగ విషయంలో మాత్రం అటువంటి బయటి కాపలాదారు కనబడడు. 2020 ఏప్రిల్ 1 నుంచి మన రోడ్డు మీద కొత్త లారీకి భారత్ స్టేజ్-6 నిబంధన ఉంది. గూడ్స్ షెడ్ గేటు దగ్గర నిలబడ్డ కొత్త లారీకి ఆ చట్టం వర్తిస్తుంది, లోపల పట్టాల మీదున్న ఇంజన్‌కు వర్తించదు.

పొగ కొలతలో ఇంకో మెలిక ఉంది. ఉద్యమకారులు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. రైలింజన్‌కు వేగం పెంచే మీట ఎనిమిది మెట్లుగా ఉంటుంది, వాటిని నాచ్‌లంటారు. వీటికి తోడు, ఇంజన్ తిరుగుతూనే బండి నిలబడి ఉండే స్థితి ఒకటి. ఒక్కో మెట్టు మీద పొగను విడివిడిగా కొలిచి, ఇంజన్ ఏ మెట్టు మీద ఎంతసేపు ఉంటుందో అంచనా వేసి సగటు తీస్తారు. అమెరికా పర్యావరణ సంస్థ దూర ప్రయాణపు గూడ్స్ ఇంజన్లకు వాడే లెక్కలో ఊరికే నిలబడి తిరిగే సమయం 38 శాతం. పూర్తి బలంతో, ఎనిమిదో నాచ్‌లో ఉండేది 16.2 శాతం మాత్రమే. అంటే ఇంజన్ తన బతుకులో మూడో వంతుకు పైగా కదలకుండా ఒకేచోట పొగ వదులుతుంది.

అయితే చివరి ఫలితాన్ని గంటకో, రోజుకో చెప్పరు. ఒక హార్స్‌పవర్-గంట పనికి ఎన్ని గ్రాములని చెబుతారు. ఎక్కువ పని జరిగేది ఎనిమిదో నాచ్‌లో, అంటే ఊరి బయట, పొలాల మధ్య. కాబట్టి సగటులో పైచేయి దానిదే. నిలబడ్డ ఇంజన్ చేసే పని దాదాపు సున్నా, కాబట్టి దాని పొగ సగటును పెద్దగా కదిలించదు. కాగితం మీద ఇంజన్ పాసవుతుంది. గూడ్స్ షెడ్‌లో ఆరు గంటలు బస్తాలు మోసిన మనిషికి ఆ సగటు అక్కరకు రాదు, అతను పీల్చింది నిలబడ్డ ఇంజన్ పొగ. దీనికి మందు లేకపోలేదు. పెద్ద ఇంజన్‌ను ఆపేసి, బ్యాటరీలు, బ్రేకుల గాలి కోసం ఒక చిన్న సహాయక ఇంజన్ నడిపే పద్ధతి మన రైల్వేలోనే ఉంది. నిలబడ్డప్పుడు పెద్ద ఇంజన్ గంటకు సుమారు 25 లీటర్లు తాగితే చిన్నది 3 లీటర్లతో సరిపెడుతుంది. డీజిల్ ఖర్చు మిగులుతుందని రైల్వే దీన్ని తెచ్చింది. మనం ఊపిరి కోసం అడగాలి.

కఠినమైన నిబంధన పెడితే సరిపోతుందా అంటే, అమెరికా అనుభవం సరిపోదని చెబుతుంది. అక్కడ 2015 నుంచి కొత్తగా తయారయ్యే రైలింజన్లకు టియర్-4 నిబంధన వచ్చింది. హార్స్‌పవర్-గంటకు నైట్రోజన్ ఆక్సైడ్లు 5.5 గ్రాముల నుంచి 1.3కి, మసి కణాలు 0.10 నుంచి 0.03కి తగ్గాలి. జీఈ కంపెనీ 2012లోనే నమూనా ఇంజన్ చూపించింది, పొగను తిప్పి పంపే పద్ధతితో గడువును అందుకుంది. దాని పోటీదారు ఈఎండీ పాత రెండు స్ట్రోకుల ఇంజన్‌తో అందుకోలేక, కొత్త నాలుగు స్ట్రోకుల ఇంజన్ తయారు చేసుకోవాల్సి వచ్చింది. ఇంజనీరింగ్ పరంగా గొప్ప విజయం. కానీ రైల్వే కంపెనీలు ఏం చేశాయి? గడువుకు ముందే పాత రకం ఇంజన్లు కొని పెట్టుకున్నాయి. తర్వాత కొత్తవి కొనడం తగ్గించి, పాత ఇంజన్లనే విప్పి, బాగుచేసి నడిపాయి. బాగుచేసిన ఇంజన్‌కు కొత్త ఇంజన్ నిబంధన పట్టదు కాబట్టి.

మెయిన్ లైన్‌కు పనికిరాని పాత ఇంజన్ యార్డుకు చేరుతుంది. యార్డు పక్కన ఎవరుంటారు? కాలిఫోర్నియా గాలి నాణ్యతా మండలి రాష్ట్రంలోని 18 రైల్వే యార్డుల చుట్టూ ఆరోగ్య ప్రమాదాన్ని లెక్కగట్టింది. అన్నిటికంటే ఎక్కువ క్యాన్సర్ ప్రమాదం శాన్ బెర్నార్డినో యార్డు దగ్గర కనిపించింది. ఆ చుట్టుపక్కల ఉండేది ఎక్కువగా లాటినో పేదలు. పాత ఇంజన్లను కూడా దారికి తెచ్చే నిబంధనను ఆ రాష్ట్రం 2023లో చేసింది. దానికి కేంద్రం అనుమతి కావాలి. అనుమతి దక్కక 2025 జనవరిలో రాష్ట్రమే దరఖాస్తును వెనక్కి తీసుకుంది. మన దగ్గర కూడా మెయిన్ లైన్ నుంచి దించిన పాత ఇంజన్లు షంటింగ్ పనికే వస్తాయి. మన ఊళ్లలో స్టేషన్ వెనుక, పట్టాల పక్కన ఉన్న బస్తీలు ఎవరివో ఈ పాఠకులకు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఆర్డర్ కథ. 2015 నవంబర్‌లో భారత రైల్వే జీఈతో ఒప్పందం చేసుకుంది. పదేళ్లలో 1000 ఇంజన్లు, అందులో 4500 హార్స్‌పవర్‌వి 700, 6000 హార్స్‌పవర్‌వి 300. విలువ సుమారు 250 కోట్ల డాలర్లు. ఫ్యాక్టరీ బీహార్ సారణ్ జిల్లా మఢౌరాలో. ఈ ప్రాజెక్టు ఆలోచన లాలూ ప్రసాద్ రైల్వే మంత్రిగా ఉన్న కాలం నాటిది. తొలి ఇంజన్లు అమెరికాలో తయారై 2017లో ఓడ మీద గుజరాత్ తీరానికి వచ్చాయి. ఇవి యూఐసీ ఒకటో స్థాయి ఉద్గార ప్రమాణానికి సరిపోయేవి. మన పాత ఆల్కో ఇంజన్ల కంటే శుభ్రమైనవే, కానీ అమెరికాలో అదే కంపెనీ టియర్-4 కోసం మార్చిన రకం కాదు. ఒకే కంపెనీ, ఒకే ఇంజన్ కుటుంబం. ఏ దేశం ఎంత గట్టిగా అడిగితే అంత శుభ్రం.

2017లో రైల్వే మొత్తం విద్యుదీకరణ వైపు తిరిగినప్పుడు ఈ డీజిల్ ఆర్డర్ ఎందుకన్న ప్రశ్న ప్రభుత్వంలోనే లేచింది. జీఈ అభ్యంతరం చెప్పింది. ఒప్పందం నిలబడింది. 2019లో జీఈ రైలు వ్యాపారం వాబ్‌టెక్‌లో కలిసింది. 2025 జూన్‌లో మఢౌరా నుంచి ఆఫ్రికాలోని గినీ దేశానికి, సిమాండూ ఇనుప గనుల కోసం, ఎగుమతి మొదలైంది. ఆ ఆర్డర్ 150 ఇంజన్లది.

మఢౌరా పేరు వింటే బోధన్ వాళ్లకు ఎందుకు కలుక్కుమనాలంటే, అదీ ఒక చక్కెర ఊరే. అక్కడా పాత చక్కెర మిల్లు, మిఠాయి ఫ్యాక్టరీ మూతపడ్డాయి. తర్వాత ఆ ఊరికి రైలింజన్ ఫ్యాక్టరీ వచ్చింది. బోధన్‌లో 1937లో నిజాం ప్రభుత్వం మొదలుపెట్టిన ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదన్న పేరు తెచ్చుకుంది. శక్కర్‌నగర్ అని ఊరికి ఊరే దాని పేరు మీద వెలిసింది. 2002లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అందులో 51 శాతం ప్రైవేటుకు అప్పగించి 49 శాతం తన దగ్గర ఉంచుకుంది. 2015 డిసెంబర్ 23న లేఆఫ్ ప్రకటించి బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు మూడూ మూసేశారు. మఢౌరా ఒప్పందం మీద సంతకాలైన నెలకే బోధన్ గేటుకు తాళం పడింది. రెండింటికీ సంబంధం లేదు. కానీ రెండిట్లోనూ ఒక అంకెల ఆట ఉంది.

కంపెనీల చట్టం ప్రకారం సర్కారు వాటా 51 శాతం ఉంటేనే అది ప్రభుత్వ కంపెనీ. బోధన్‌లో సరిగ్గా ఆ గీత కిందికి దిగి 49 దగ్గర ఆగారు. మఢౌరా కంపెనీలో రైల్వే వాటా దాదాపు నాలుగో వంతు. గీత దిగితే ఏమవుతుంది? కేంద్ర ఉద్యోగాల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం అన్న లెక్క ఆ గేటు దాకా రాదు. ఇంతకుముందు రైల్వే డీజిల్ ఇంజన్లు ప్రధానంగా వారణాసిలోని తన సొంత కర్మాగారంలో చేసుకునేది. 1964 నుంచి అక్కడ ఇంజన్లు తయారవుతున్నాయి. అక్కడి ఫిట్టర్, వెల్డర్, ఇంజనీర్ కొలువులకు రోస్టర్ ఉంది. కాజీపేట, మౌలాలి వంటి షెడ్లలో ఇంజన్ బాగుచేసే పనికీ రోస్టర్ ఉంది. మఢౌరా ఒప్పందంలో తయారీతో పాటు నిర్వహణ కూడా కలిపారు. ఉత్తరప్రదేశ్‌లోని రోజా, గుజరాత్‌లోని గాంధీధామ్ షెడ్లలో ఆ ఇంజన్ల నిర్వహణ తయారీదారు బాధ్యత. ఒక్క సంతకంతో ఫ్యాక్టరీ కొలువు, షెడ్ కొలువు రెండూ రోస్టర్ బయటికి పోయాయి. ఎవరూ రిజర్వేషన్ రద్దు చేయలేదు. కోర్టు తీర్పు లేదు, పార్లమెంటులో చర్చ లేదు. కొనుగోలు ఆర్డర్ మాత్రం ఉంది.

ఇంకోటి కూడా పోయింది. 2012 నాటి ప్రభుత్వ కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు చిన్న పరిశ్రమల నుంచి కొనాల్సిన దాంట్లో ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికుల కోసం 4 శాతం ప్రత్యేకించాలి. రైల్వే తన కర్మాగారానికి తానే బోల్టులు, గొట్టాలు కొంటే ఈ లెక్క ఉంటుంది. అదే బోల్టును ఉమ్మడి కంపెనీ కొంటే ఉండదు.

నిజామాబాద్ మీదుగా పోయే ఈ లైను అటు చివర మన్మాడ్‌లో కలుస్తుంది. 1938 ఫిబ్రవరి 12, 13 తేదీల్లో అదే మన్మాడ్‌లో జీఐపీ రైల్వే అణగారిన వర్గాల కార్మికుల మహాసభలో డాక్టర్ అంబేద్కర్ మాట్లాడారు. బ్రాహ్మణిజం, పెట్టుబడిదారీ విధానం కార్మికులకు రెండు శత్రువులని ఆయన అన్న సభ అదే. ఆ మాటను అందరూ గుర్తుచేసుకుంటారు. అదే ప్రసంగంలో ఆయన రైల్వే కొలువులను ఒక్కొక్కటిగా విప్పి చూపించారన్నది మాత్రం తక్కువ మంది చెబుతారు. దళితులు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌లుగానే ఎందుకు మిగిలిపోతున్నారు, వర్క్‌షాపుల్లో మెకానిక్, ఫోర్‌మన్ స్థాయిలో ఎందుకు కనబడరు అని. మన్మాడ్ ప్రశ్న యంత్రం దగ్గర ఎవరుంటారన్నది. రోస్టర్ వచ్చాక ఆ ప్రశ్నకు కొంత జవాబు దొరికింది. పట్టాల మీద, షెడ్లలో మన తండ్రులు, అన్నలు ఆ జవాబుతోనే స్థిరపడ్డారు.

చేతిలో ఏమీ లేదా అంటే, ఉంది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టంలో 3ఎ సెక్షన్ ప్రకారం నిర్దేశిత ట్రేడ్‌లలో శిక్షణ సీట్లు ఎస్సీ, ఎస్టీలకు కేటాయించాలి. 2007లో చేర్చిన 3బి సెక్షన్ బీసీలకు వర్తిస్తుంది. ఇది ప్రైవేటు యజమానికీ వర్తిస్తుంది. 30 లేక అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. శిక్షణ సీటు కొలువు కాదు, నిజమే. కానీ ఐటీఐ చదివిన మాదిగ పిల్లవాడికి లోకో ఫ్యాక్టరీ గేటు తెరిచే చట్టపరమైన తాళం ప్రస్తుతానికి ఇదొక్కటే. ఉమ్మడి కంపెనీ సమాచార హక్కు కిందికి వస్తుందా రాదా అన్న వాదనలో పడి కాలం పోగొట్టుకోనక్కర్లేదు. రైల్వే శాఖ వస్తుంది. రైల్వే సంతకం చేసిన ఒప్పందంలో శిక్షణ గురించి, స్థానిక కొలువుల గురించి ఏముందని రైల్వేనే అడగొచ్చు. మన గూడ్స్ షెడ్లలో షంటింగ్‌కు ఏ సంవత్సరపు ఇంజన్ వస్తోంది, దానికి చిన్న సహాయక ఇంజన్ బిగించారా అని డివిజన్ కార్యాలయాన్ని అడగొచ్చు.

2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నిజాం షుగర్స్ పునరుద్ధరణకు కమిటీ వేసింది. బోధన్‌లో చర్చంతా బ్యాంకు అప్పుల మీద, చెరుకు విస్తీర్ణం మీద, యంత్రాలు పనికొస్తాయా లేదా అన్న దాని మీద నడుస్తోంది. రైతు బకాయికి లెక్క ఉంటుంది, చెరుకు నరికిన కూలీకి ఏ రిజిస్టర్‌లోనూ పేరుండదు. మళ్లీ తెరిచే కంపెనీలో సర్కారు వాటా 51కి పైన ఉంటుందా, కింద ఉంటుందా, లేక సహకార సంఘమా, పాత కార్మికుల పిల్లలకు ఏ పద్ధతిలో కొలువులిస్తారు, శిక్షణ సీట్లు ఎన్ని అన్నది కమిటీ ముందు రాతపూర్వకంగా పెట్టాల్సిన సమయం కొత్త బాయిలర్‌కు ఆర్డర్ ఇచ్చేముందే.